బోర్లించిన గంప

చేపల మీద ఫినాయిలు పోస్తుంటే నేను కళ్ళారా చూశాను.

అరవై ఒకటో సంవత్సరం వేసవి. నెల్లూరు పెద్ద మార్కెట్లో చేపల కొట్టం. పొద్దున ఎనిమిది గంటలయి ఉంటుంది. దోనెపాళెం పిచ్చమ్మ అప్పుడే గంప దించి, వంజరాలు నాలుగూ తన బండ మీద పేర్చుకుంది. కాంట్రాక్టరు దశరథయ్య మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో డబ్బా ఉంది. వాడు ఒక్క మాట అడగలేదు. మూత తీసి చేపల మీద వంచాడు. తెల్లటి నీళ్ళు బండ మీదుగా జారి పిచ్చమ్మ ఒళ్ళో పడ్డాయి.

"కుళ్ళిన సరుకు. జనం ఆరోగ్యం మాకు ముఖ్యం" అన్నాడు వాడు.

పిచ్చమ్మ ఒక చేపను ఎత్తి, వేలితో మొప్ప తెరిచి చూపించింది.

"చూడు సామీ, ఎంత ఎర్రగా ఉండాదో. తెల్లారుజామున గూడా ఈదతా ఉన్నింది ఇది. కుళ్ళింది చేప గాదులే."

వాడు రెండో బండకు నడిచాడు. కొనడానికి వచ్చిన పెద్దమనుషులు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. నేనూ జరిగాను. నా చేతిలో ఖాళీ సంచి ఉంది, నోట్లో నాలుక ఉంది, రెండూ దేనికీ పనికిరాలేదు.

నా పేరు మస్తానయ్య. మార్కెట్ వెనక సందులో ఉన్న ప్రెస్సులో కంపోజిటర్ని. ముప్పై ఏళ్ళుగా సీసపు అక్షరాలు ఏరి పేర్చడం నా పని. పోయిన వారం కాలేజీ విద్యార్థి సంఘం తమ్ముళ్ళు వచ్చి, తమ పత్రికకు మార్కెట్ కట్టడం చరిత్ర రాసిమ్మన్నారు. ఆ చరిత్ర కావాలంటే గేటు పక్కన పాలరాతి మీద చెక్కి ఉంది, చదువుకోవచ్చు. ఒక దొర పేరు, ఒక సంవత్సరం, దొర కింద డబ్బిచ్చిన నలుగురు మోతుబరుల పేర్లు ఉన్నాయి. తమ్ముళ్ళారా, అది మీకు చాలదు కాబట్టే నా దగ్గరికి వచ్చారనుకుంటాను. నాకు తెలిసింది రాస్తున్నాను. ఇందులో నా సిగ్గు కూడా ఉంది, దాన్ని కొట్టేయకుండా అచ్చు వేయండి.

ఆ కట్టడం గోడలు సముద్రపు గవ్వలతో కట్టినవి. పిచ్చమ్మ అత్త ముసలమ్మ చెబుతుండేది. అప్పటికి డెబ్బై ఏళ్ళ కిందట ఆమె పదేళ్ళ పిల్ల. తీరంలో ఉన్న ఐదు జాలరి పాళేల ఆడవాళ్ళు గవ్వ ఏరి గుట్టలు పోస్తే, మగవాళ్ళు కాలవ మీద పడవల్లో పైకి తెచ్చారు. బట్టీలో కాల్చి, గానుగలో తొక్కి, ఆ సున్నంతో గోడలు లేపారు. ఒకరోజు బట్టీ కూలి ఇద్దరు ఆడవాళ్ళు అందులోనే పోయారు. పాలరాతి మీద వాళ్ళ పేర్లు వెతకొద్దు, లేవు. పని అయిపోయాక కూలి అడిగితే దొర చేపల కొట్టంలోకి తీసుకెళ్ళి, పాళేనికి ఒకటి చొప్పున ఐదు రాతి బండలు చూపించాడట. ఇవి మీవి, మీ బిడ్డలవి అన్నాడట. కాగితం ఇవ్వలేదు. వీళ్ళు అడగలేదు. సముద్రం మీద బతికేవాళ్ళకు నోటిమాటే పత్రం.

అప్పటి నుంచి అత్త తర్వాత కోడలు ఆ బండ మీద కూర్చుంటూ వచ్చింది. కత్తి దెబ్బలకు బండ మధ్యలో పళ్ళెంలా గుంట పడింది. గవ్వ సున్నంలో ఉప్పు ఉంటుంది గనక గాలివాన వచ్చే ముందు గోడ చెమటలు పట్టేది. ఆడవాళ్ళు అరచేత్తో గోడ తడిమి చూసి, తొందరగా అమ్ముకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంకొక ఆచారం ఉంది. ఈ కథంతా దాని మీదే నడిచింది. పాళెంలో ఎవరైనా పోతే మూడు రోజులు పడవ కదలదు, గంప లేవదు. పాళెమంతా ప్రాణం పోయిన చోట, అంటే చావింటి ముందు ఇసుకలో, కూర్చోవలసిందే. ఆ మూడు రోజులకు గుర్తుగా ఒక మనిషి వచ్చి, బండ మీద ఖాళీ గంపను బోర్లించి పోతాడు. గంప బోర్లించిన బండ మీద మార్కెట్లో ఎవరూ చెయ్యి కూడా వేయరు. మాంసం కొట్టేవాళ్ళు, కూరగాయల వాళ్ళు, హమాలీలు, అందరూ ఆ మర్యాద పాటించారు. డెబ్బై ఏళ్ళు పాటించారు.

దశరథయ్యకు ఈ బండలు గొంతులో ముల్లులా ఉండేవి. మార్కెట్ వసూళ్ళ కాంట్రాక్టు ఆయనదే, ఐస్ ఫ్యాక్టరీ ఆయనదే, మద్రాసుకు చేపలు మోసే లారీలూ ఆయనవే. లారీని రేవులోకే పంపించి పట్టిన చేపంతా తానే ఎత్తుకోవాలని ఆయన ఎత్తు. కానీ ఆడవాళ్ళకు పట్నంలో బండ ఉన్నంత కాలం లారీకి చేప పడదు. ఫినాయిలు పోయించాడు. కొళాయి కట్టేయించాడు. గంపలు ఎక్కించుకోవద్దని బస్సు వాళ్ళకు చెప్పాడు. పిచ్చమ్మ, ఆమె కోడలు పేరమ్మ కాలినడకన వచ్చారు. కాళ్ళు బొబ్బలెక్కినా బండ ఖాళీ కాలేదు.

అప్పుడు ముసలమ్మ చచ్చిపోయింది.

ఆరోజు మా ప్రెస్సు యజమాని నాకు ఒక చిత్తు కాగితం ఇచ్చాడు. కాంట్రాక్టరు గారి నోటీసు, మధ్యాహ్నానికి కావాలి అన్నాడు. "వరుసగా మూడు దినములు ఖాళీగా విడిచిన బండలను సదరు వ్యాపారులు వదులుకొన్నట్లు ఎంచి కాంట్రాక్టరు స్వాధీనం చేసుకొనును." ఇదీ అందులోని సంగతి. అక్షరాలు తలకిందులుగా పేర్చేవాడికి అర్థంతో పని లేదని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. నేను పేర్చాను. పైగా 'స్వాధీనం'లో వాళ్ళు తప్పు రాస్తే సరిదిద్దాను.

మర్నాడు టీకి వెళ్తూ చేపల కొట్టంలోకి తొంగి చూశాను. దోనెపాళెం బండ మీద గంప బోర్లించి ఉంది. గేటుకు నా నోటీసు అంటించి ఉంది. రెండూ ఒకేసారి నా కళ్ళబడ్డాయి. అప్పుడు అర్థమయింది. దోనెపాళేనికి పదకొండు గంటలకు బస్సు ఉంది. నేను ఎక్కలేదు. ఆరోజు శుభలేఖల పని ఎక్కువగా ఉంది.

నాలుగో రోజు పొద్దున పిచ్చమ్మ, పేరమ్మ, మరో ఆరుగురు వచ్చారు. వాళ్ళ బండ మీద దశరథయ్య ఐసు పెట్టెలు రెండు ఉన్నాయి. బోర్లించిన గంప మురిక్కాలవలో ఉంది.

దశరథయ్య స్వయంగా నిలబడి ఉన్నాడు. మెత్తటి మనిషి. గొంతు ఎత్తడు.

"మూడు రోజులు మీరు రాలేదమ్మా. నోటీసు వేసినాం, చదువుకోండి."

"మా అత్త చచ్చిపోయింది సామీ. గంప బోర్లించి ఉండాది గదా."

"గంప సంగతి నోటీసులో లేదే."

పిచ్చమ్మ కాలవలోకి దిగి గంప తీసుకుంది. కొళాయి కట్టేసి ఉంది కాబట్టి చీర కొంగుతో తుడిచింది. తుడుస్తున్నంతసేపూ కొట్టంలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో నా గొంతు కూడా ఉంది.

మూడు రోజుల తర్వాత హమాలీల సంఘం కార్యదర్శి క్రీస్తురాజు దోనెపాళెం బయల్దేరుతుంటే నేనూ వెంట వెళ్ళాను. క్రీస్తురాజు మార్కెట్లో బస్తాలు మోసే మనిషి. చదువు ఐదో తరగతి, మాట సూటిగా ఉంటుంది. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం. ఆరబెట్టిన వలల నీడలో పాళెమంతా కూర్చుని ఉంది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. పాళెం పెద్ద ఓబయ్య కొత్త నైలాను వల మడత మీద కూర్చున్నాడు. ఆ వల దశరథయ్య ఇచ్చిందని అందరికీ తెలుసు.

"బండ పోయింది, పోనీయండి" అన్నాడు ఓబయ్య. "లారీ ఇక్కడికే వస్తానంటా ఉంది. ఆడోళ్ళకు మోత తప్పతాది. ఇందులో నష్టం ఏముండాది?"

వెనక నుంచి పేరమ్మ లేచింది. పాతికేళ్ళుంటాయి. "బండ కాడ పదిమంది అడగతారు మామా. లారీ కాడ ఒక్కడే అడగతాడు. ఆ ఒక్కడు రేపు వద్దు పొమ్మంటే పట్టిన చేపనంతా ఇసకలో పూడ్చుకోవాల్నా?"

"సభలో ఆడోళ్ళు మాట్లాడేది లేదు."

"సభలో లేదు. సంతలో ఉండాది గదా" అంది పిచ్చమ్మ కూర్చున్నచోటు నుంచే. "మీరు పట్టేది సముద్రంలో. అమ్మేది మేము. పోయింది మా బండ. మేము గాక ఇంకెవరు మాట్లాడాల?"

మునెయ్య అనే పడవ మనిషి గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పేది వినండబ్బా. తప్పు మనది గూడా ఉండాది. మూడు రోజులూ అందరం ఈడే కూర్చుంటిమి. ఒక మనిషినైనా బండ కాడ కూర్చోబెట్టి ఉంటే అది పొయ్యేది గాదు. ఈ కట్టు మానుకుంటే మేలు."

పిచ్చమ్మ అతని వైపు తిరిగింది.

"మా అత్త పదేళ్ళ పిల్లగా ఆ గోడకు గవ్వ మోసింది మునెయ్యా. ఆమె చస్తే మూడు రోజులు ఏడవను గూడా ఆ కాంట్రాక్టరు కాడ చీటీ తీసుకోమంటావా?"

అప్పుడు క్రీస్తురాజు మాట్లాడాడు.

"మీరు కూర్చోవడం తప్పు గాదు. మీరు ఎప్పుడు కూర్చుంటారో, ఏడ కూర్చుంటారో వాడికి ముందే తెలిసిపోయింది. మన మంచి గుణాలన్నీ వాడు రాసి పెట్టుకున్నాడు. వాడి చేతిలో ఉండే ఆయుధం అదే."

ఓబయ్య సభ చాలించబోయాడు. పిచ్చమ్మ లేచి, మగవాళ్ళ మధ్య నుంచి నడిచి, లారీ వచ్చే బాట దగ్గరికి వెళ్ళింది. మడమతో ఇసుకలో అడ్డంగా గీత గీసింది. గీత మీద తన గంప పెట్టింది.

"దురాయి" అంది.

దురాయి అంటే పాళెం కట్టు. అది వేశాక దాటిన ఇంటికి నిప్పూ నీళ్ళూ ఉండవు, పెళ్ళికీ చావుకూ ఎవరూ పోరు. పాళెం పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట పెద్ద నోటి నుంచే రావాలి. ఆడది అనగా ఎవరూ వినలేదు. ఓబయ్య లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోగా పేరమ్మ తన గంప తెచ్చి పక్కన పెట్టింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చూస్తుండగా బాటకు అడ్డంగా గంపల వరస లేచింది. మునెయ్య వెళ్ళి ఆ వరస వెనక నిలబడ్డాడు. మగవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. చివరికి నైలాను వల మీద ఓబయ్య ఒక్కడే మిగిలాడు.

"దురాయి దురాయే" అన్నాడు ఆయన, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆరు రోజులు లారీ వచ్చి గీత అవతల నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేవాడు కాదు. ఐసు కరిగి చుక్కలు చుక్కలుగా ఇసుకలో ఇంకిపోయేది. బండ తిరిగి వచ్చేదాకా వేట లేదన్నారు, పడవలు ఒడ్డు మీదే ఉన్నాయి. మొదటి మూడు రోజులు ఎండుచేప తిన్నారు, తర్వాత గంజి తాగారు. తర్వాత పిల్లలు ఆడుకోవడం మానేశారు. నాలుగో రోజున మిగతా నాలుగు పాళేలు కూడా దురాయి వేశాయి. పట్నంలో చేప దొరకడం లేదని పెద్దమనుషులు గొణిగారు. దశరథయ్య మాత్రం గొంతు ఎత్తలేదు. ఐసు ఫ్యాక్టరీ ముందు ఎప్పుడూ చూడని ముఖాలు కనిపించడం మొదలైంది. వాళ్ళు పగలంతా బల్ల మీద కూర్చుని పేకాడేవాళ్ళు. అంతమందికి అక్కడ పనేమిటో ఎవరూ అడగలేదు.

ఏడో రోజు పొద్దున ఐదు పాళేల ఆడవాళ్ళు వందమందికి పైగా మార్కెట్లోకి వచ్చారు. అడ్డుకోమని కాంట్రాక్టరు చెప్పి పెట్టిన హమాలీలు పక్కకు తప్పుకుని, వెనకే నడిచారు. కొట్టం గోడ ఆరోజు తడిసి ఉంది. పేరమ్మ అరచెయ్యి వేసి చూసి, "అత్తా, గాలివాన వచ్చేటట్టుండాది" అంది. బయట ఆకాశం శుభ్రంగా ఉంది.

పిచ్చమ్మ తన బండ దగ్గరికి వెళ్ళి ఐసు పెట్టెను రెండు చేతులా నెట్టింది. పెట్టె కింద పడి పగిలింది. ఆ చప్పుడు కోసమే కాచుకున్నట్టు ఆ కొత్త ముఖాలు లోపలికి వచ్చాయి. వాళ్ళ చేతుల్లో ఐసు పగలగొట్టే గునపాలు ఉన్నాయి. గేటు దగ్గర పోలీసులు పదిమంది నిలబడి ఉన్నారు. గునపం లేచినప్పుడు వాళ్ళు రోడ్డు వైపు చూస్తున్నారు. పిచ్చమ్మ బండ మీద పడ్డాక ఇటు తిరిగారు. తిరిగి, లోపలికి వచ్చి, క్రీస్తురాజును, పదకొండుమంది హమాలీలను పట్టుకుపోయారు.

గుంటలో నెత్తురు నిలిచింది. చేపల నెత్తురు నిలిచే చోటే.

పిచ్చమ్మ మర్నాడు తెల్లవారాక ఆసుపత్రిలో చనిపోయింది.

తొమ్మిది గంటలకు మా యజమాని నా ముందు ఒక చిత్తు కాగితం పెట్టాడు. మధ్యాహ్నానికి కావాలి అన్నాడు. అదే నోటీసు, అవే మాటలు. కానీ ఈసారి కింద పేర్లున్నాయి. ఐదు పాళేల పేర్లు, ఐదు బండలు. నేను ఈసారి చదివాను. తలకిందులుగా కాదు, తిన్నగా చదివాను. దశరథయ్య లెక్క చాలా తేలిక. శవం పాళేనికి పోతుంది. దురాయిలో కలిసిన ఐదు పాళేలూ ఆ చావుకు కూర్చుంటాయి. ఐదు బండల మీదా గంపలు బోర్లిస్తారు. మూడు రోజులు గడుస్తాయి. మనిషిని చంపినందుకు బహుమానంగా ఐదు బండలు చేతికి వస్తాయి.

నేను నోటీసు పేర్చాను. ఒక్క ప్రూఫు తీశాను. తర్వాత పేర్చిన అక్షరాలన్నీ బల్ల మీద కుమ్మరించి, చిత్తు కాగితాన్ని జేబులో పెట్టుకుని, తడి ప్రూఫుతో ఆసుపత్రికి నడిచాను. నా వెనక యజమాని ఏదో అరుస్తున్నాడు.

ఆసుపత్రి ఆవరణలో ఎద్దుల బండి సిద్ధంగా ఉంది. పిచ్చమ్మను బండిలో పడుకోబెట్టారు. ఓబయ్య పగ్గం పట్టుకుని ఉన్నాడు. నేను పేరమ్మకు నోటీసు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"మొదటి నోటీసు కూడా నేనే పేర్చానమ్మా" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో రోజు."

"బస్సు ఉన్నింది గదా."

"ఉండింది."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "అయితే బండి ముందర నువ్వు నడువు. దారి మార్కెట్ మీదికి" అంది.

ఓబయ్య పగ్గం వదల్లేదు. "ఏందమ్మీ ఇది? పొద్దు గుంకేలోగా సముద్రం ఒడ్డుకు చేర్చాల. మూడు రోజులు కూర్చోవాల. కట్టు తప్పేదానికి లేదు."

"తప్పను మామా. మూడు రోజులూ కూర్చుంటాము. ఏడ కూర్చోవాల్నో కట్టులో ఉండాదా? చచ్చిన చోట కూర్చోవాలంటారు గదా. మా అత్త ఆసుపత్రిలో చచ్చిందా, బండ మీద చచ్చిందా, నువ్వే చెప్పు."

ఓబయ్య బండిని తనే తిప్పాడు. ఆ వల సంగతి తర్వాత ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు.

మేం వెళ్ళేసరికి మార్కెట్ గేటు వేసి ఉంది. హమాలీలు లోపలి నుంచి తెరిచారు. మిగిలిన ఐసు పెట్టెను వాళ్ళే కిందికి దించారు. పిచ్చమ్మను ఆమె బండ మీద పడుకోబెట్టాం. మాంసం కొట్టేవాళ్ళు కత్తులు కడిగి పక్కన పెట్టి వచ్చారు. కూరగాయల వాళ్ళు గోనెలు కప్పి వచ్చారు. ఐదు పాళేల జనం కొట్టమంతా నిండి, గేటు దాకా కూర్చున్నారు. సాయంత్రం పెన్న ఒడ్డున మట్టి చేయాలని, మూడు రోజుల ఏడుపు మాత్రం ఇక్కడేనని పెద్దలు తేల్చారు. ఆ పెద్దల్లో నలుగురు ఆడవాళ్ళు.

దశరథయ్య మనుషులు కాలవలో పడేసిన ఆ పాత గంపను పేరమ్మ బండిలోంచి తెచ్చింది. అందరూ ఆమె చేతుల వైపు చూస్తున్నారు. ఆమె దాన్ని అత్త కాళ్ళ దగ్గర పెట్టింది. బోర్లించలేదు. అమ్మకానికి పెట్టినట్టు తిన్నగా పెట్టింది. మిగతా నాలుగు బండల దగ్గరా నాలుగు గంపలు తిన్నగా దిగాయి.

మధ్యాహ్నానికి దశరథయ్య వచ్చాడు. నోటీసు అంటించడానికి జిగురు డబ్బాతో మనిషి వచ్చాడు గానీ అంటించడానికి నోటీసు లేదు. ఆయన వెనక పోలీసు అధికారి ఒకడు గేటు దగ్గరే ఆగాడు.

"ఎంతసేపు కూర్చుంటారు?" అని అడిగాడు అధికారి.

"మూడు రోజులు సామీ" అంది పేరమ్మ. "కట్టు."

"తర్వాత?"

"తర్వాత చేపలు అమ్ముకుంటాము."

అధికారి దశరథయ్య వైపు చూశాడు. దశరథయ్య మొదటిసారి గొంతు ఎత్తాడు. ఏమన్నాడో ఏడుపులో నాకు వినిపించలేదు. ఆయన చెయ్యి మాత్రం మా వైపు చూపించడం కనిపించింది.

తమ్ముళ్ళారా, మీరడిగిన కట్టడం చరిత్ర ఇది. ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందో, మాలో ఎంతమందిమి జైలు చూశామో మీ నాన్నలు చెబుతారు. దోనెపాళెం బండ మీద ఇవాళ పేరమ్మ కూర్చుంటుందని మీకు తెలుసు. మొన్న మళ్ళీ ఎవరో కొలతలు తీసుకుపోయారని, కట్టడం పడగొట్టి పెద్ద షాపులు కడతారని విన్నాను. వచ్చేటప్పుడు ఒకసారి ఆ గోడ మీద అరచెయ్యి వేసి చూడండి.

ఆరోజు నేను ఇంకా నిలబడే ఉన్నాను. పేరమ్మ కొంచెం జరిగి తన పక్కన చోటు చూపించింది. క్షమించిందని కాదు, చోటు ఉందని. వెళ్ళి కూర్చున్నాను. వెనక గోడ వీపుకు తడిగా తగిలింది. గేటు అవతల మూడో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఎవరూ లేవలేదు.